చింతపండుతో తోమిన పేరు

యుద్ధంలో పోయిన మా ఊరి సిపాయిల పేర్లున్న ఇత్తడి ఫలకాన్ని పాతసామాన్ల కొట్టువాడు కరిగించబోతుంటే నూకరత్నం అడ్డుపడి తెచ్చింది. బాగుచేయడానికి పంచాయతీ ఆఫీసులోని యంత్రం కింద పెట్టారు. ఇప్పుడు విరిగిన విగ్రహాన్నయినా, చెరిగిన పట్టానయినా అదే పూరిస్తుంది. అది పూరించిందే నిజమని చట్టం కూడా ఉంది.

పేర్లన్నీ తేలాయి. ఒక్కచోట మాత్రం అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. యంత్రం ఊరి పాత రికార్డులన్నీ తిరగేసి, అక్కడ కొత్త లోహం పోసి సర్పంచిగారి తాత పేరు చెక్కింది.

"అది మా తాత పోలినాయుడి పేరయ్యా!" అంది నూకరత్నం. "ఏటా దసరాకి మా అమ్మా నేనూ చింతపండెట్టి తోమేవోళ్ళం. అందుకే అరిగింది."

"సర్పంచిగారి తాతకి వెయ్యి ఫొటోలున్నాయి మామ్మగారూ. మీ తాతగారిది ఒక్కటీ లేదండి," అన్నాడు యంత్రం నడిపే శ్రీహర్ష.

"యుద్ధానికెళ్ళకుండా ఇంటికాడ కూకున్నోడికి ఫొటోలుంటాయి. పోయినోడికి ఆ అక్షరాలే కదయ్యా ఉన్నాయి!"

శ్రీహర్ష తెర వంక చూశాడు. తెర మీద పని పూర్తయినట్టు పచ్చదీపం వెలిగింది.

ఈ దసరాకీ ఆమె చింతపండు పట్టుకొచ్చింది, ఈసారి చెరిపేయడానికి. పొద్దుటినుంచీ ఆ ఒక్క పేరునే తోముతోంది. యంత్రం పోసిన కొత్త లోహం అరగదు. తోమినకొద్దీ సర్పంచిగారి తాత పేరు తళతళా మెరుస్తోంది.