పరీక్షకు పంపిన తల

"ఇక లేవదు నెస్టా. వెనక్కాళ్ళు పట్టు తప్పాయి," అన్నాడు ఎమ్లిన్ భార్యతో, పాక గుమ్మంలో నిలబడి.

నల్లావు గడ్డిలో కూలబడి వణుకుతోంది. నిన్న గేటు నీడను చూసి బెదిరింది. పాలు పితకబోతే నెస్టాను తన్నింది. ఏడేళ్ళలో ఏనాడూ కాలెత్తిన ఆవు కాదది.

"ఫోన్ చెయ్యి," అంది నెస్టా.

"చేస్తే? మెదడు జబ్బని తేలితే దాని దూడల్నీ, దాంతో పెరిగినవాటినీ అన్నిట్నీ తోలుకుపోయి చంపేస్తారు. మా నాన్న పెంచిన మందే అది!"

"దాచిపెట్టి బతకడం నావల్ల కాదు. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

ఎమ్లిన్ చేశాడు. సాయంత్రానికి ఆవు చచ్చిపోయింది. కొండదారి మంచుతో మూసుకుపోయి ప్రభుత్వ పశువైద్యుడు ప్రోసర్ పైకి రాలేకపోయాడు.

"తల కోసి, తోలు ఒలిచి, చెవి బిళ్ళతో సహా సంచీలో కట్టి, ట్రాక్టరు మీద వంతెన దాకా తెచ్చివ్వు. మిగతాది దారి తెరిచాక మేమే తగలబెడతాం," అన్నాడు ఫోన్లో.

ఎమ్లిన్ ఒక్కడే పాకలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గంట తర్వాత సంచీతో కొండ దిగాడు.

పరీక్ష ఫలితం రావడానికి పట్టిన మూడు వారాలూ నెస్టాకు ముద్ద దిగలేదు. ఎమ్లిన్ మాత్రం ఈల వేసుకుంటూ తిరిగాడు.

"ఏమీ ఉండదు. కావాలంటే రాసిస్తా."

"నీకెలా తెలుసు?"

"తెలుసు, అంతే."

ఆదివారం మధ్యాహ్నం కూతురూ మనవరాలూ వచ్చి, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ప్రోసర్ వచ్చాడు. టోపీ తీసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"జబ్బు ఉంది ఎమ్లిన్. రెండుసార్లు చూశారు."

ఎమ్లిన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఉండదు. దాంట్లో ఉండే వీల్లేదు!"

"నీ బాధ నాకు తెలుసు. కానీ కబురు చేసి మంచిపని చేశావు. లేకపోతే ఆ మాంసం ఎవరి నోట్లోకో పోయి, వాళ్ళకీ ఈ జబ్బు అంటుకునేది."

అతను వెళ్ళాక నెస్టా కళ్ళు తుడుచుకుంది.

"మంద పోతే పోయింది. మనవాళ్ళు చల్లగా ఉన్నారు, చాలు," అంటూ ఆరేళ్ళ మనవరాలు మారి పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేసింది.

ఎమ్లిన్ ఆ పళ్ళెం లాక్కుని గోడకేసి కొట్టాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది.

"మతి పోయిందా నీకు?" అరిచింది నెస్టా. "ఇది నల్లావుది కాదయ్యా! ఆ వారమే మనింట్లోకని కోసుకున్న ఎర్రావుది. నిక్షేపంలాంటి ఆవు. దానికేం రోగం?"

ఎమ్లిన్ మారిని దగ్గరకు లాక్కున్నాడు.

"నల్లావు బిళ్ళ కట్టి నేను పంపిన తల దీనిదే."