పైపుకి పూత

బండి సైలెన్సర్ పైపు నా పిక్కమీద రెండోసారి వాత పెట్టిన రోజే మా ఆయన ఒట్టేశాడు.

“ఇక నీ కాలు కాలనిస్తే ఒట్టు! పైపుకి సిరామిక్ పూత వేయిస్తా. వేడంతా లోపలే ఉండిపోతుంది.”

వేయించాడు. పైపు వెండి గిన్నెలా తళతళలాడింది. నాకోసం ఎంత తాపత్రయమో అని మురిసిపోతూ ఎక్కబోయాను.

“ఆగాగు! చెప్పు తగిలితే గీత పడుతుంది.”

చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను.

“వట్టి కాలైతే ఇంకా ప్రమాదమే. చర్మం జిడ్డు అంటుకుంటే ఆ మరక ఇక జన్మలో పోదట.”

అప్పటినుంచి ఆఫీసుకి ఆయన బండిమీద, నేను బస్సులో. సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర మెత్తటి గుడ్డతో పైపు తుడుస్తూ ఉంటాడు.

ఎవరేమన్నా ఆయన్ని వెనకేసుకొస్తాను. ఒట్టు తప్పలేదు మరి. నా కాలు మళ్ళీ కాలలేదు.