గడప ముందు సొంత గొంతు

మెడకు కట్టుకుంటే కోరిన స్వరం పలికించే గొంతుపట్టీని ఏళ్ల తరబడి వాడినవారికి సొంత గొంతు ఎండి మాయమవుతుందని సోంపేటలో అందరూ నమ్ముతారు. నీలవేణి కూడా నమ్మింది. బడిలో యాసను వెక్కిరిస్తున్నారని తల్లి ఆమెకు చిన్నప్పుడే పట్టీ కట్టించింది. అప్పటినుంచి ఆమె నోరు విప్పితే వార్తలు చదివే మనిషి స్వరమే పలికేది.

మగవాళ్ల పట్టీల్లోనూ అందరూ కోరుకునే ఒక గంభీర స్వరం ఉండేది. ఆమె పెళ్లిలో పురోహితుడూ, వంటవాడూ దానితోనే మాట్లాడడంతో, "పులుసులో ఉప్పు చాలలేదు" అని వంటవాడు అన్న మాటకు కూడా పెళ్లికొడుకు కేదారు భక్తిగా తల వంచాడు.

కొత్త దంపతులు అత్తింట అడుగుపెట్టే వేళ, పట్టీలంటే గిట్టని ఆడపడుచు, కేదారు అక్క ఇందుమతి గుమ్మానికి అడ్డంగా నిలబడి, నీలవేణి మెడలోని పట్టీని చటుక్కున తీసేసింది.

"మొగుడి పేరు సెప్పి లోపలికి రా. అద్దె గొంతు సెల్లదు, నీ గొంతుతోనే సెప్పాల!"

నీలవేణి ఖాళీ మెడను తడుముకుంది. నోరు తెరిచాక గాలి తప్ప ఏమీ రాకపోతే, మూగపిల్లను అంటగట్టారని ఇంతమందిలో అనరూ?

"బెల్లం కొట్టిన రాయినాగ నిలబడిపోనావేటే?" అంటూ ఇందుమతి ముందుకు జరగబోయి నీలవేణి కాలు తొక్కేసింది.

"ఓలమ్మో! కేదారూ, మీ యప్ప నా కాలు సితక్కొట్టేసినాదయ్యా!"

పెళ్లివారందరూ గొల్లున నవ్వారు. పేరు వినబడింది కనుక ఇందుమతి దారి వదిలింది. పట్టీ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. ఇన్నేళ్ల తరువాత వీధి చివరిదాకా వినిపించిన ఆ గొంతు నీలవేణిదే.