కుళాయి కింద ట్రే

"ఫోటో ఎక్కడమ్మాయ్?"

జనార్దనరావు తలుపు కూడా కొట్టకుండా లోపలికి వచ్చేశాడు.

పుష్పలత స్నానాలగదిలో ఉంది. 1988లో, తెనాలిలోని ఆ అద్దెయింట్లో, ఆమె డార్క్‌రూమ్ అదే. కిటికీకి నల్లగుడ్డ, పైన ఎర్ర బల్బు, నేల మీద ట్రేలు. గది నిండా కుళ్ళిన కోడిగుడ్ల కంపు! అది భరించలేకే అమ్మ రాజమ్మ బజారుకి పారిపోయింది.

రేపల్లె గోడౌన్‌లో యాభై బియ్యం బస్తాలు మాయమయ్యాయి. మేనేజరు జనార్దనరావు ఆ దొంగతనాన్ని గుమాస్తా అబ్రహాము మీదకు తోసేశాడు. రేపే బాపట్ల ఆఫీసులో ఎంక్వైరీ. అబ్రహాము ఉద్యోగం నిలవాలంటే కూతురు పుష్పలత పెనుమూడి రేవులో తీసిన ఫోటో ఒక్కటే దిక్కు. పడవల్ని తీద్దామని వెళ్తే, బస్తాలెక్కిస్తూ మేనేజరుగారే బొజ్జతో సహా ఫోటోలో పడ్డారు! కెమెరాని ఆయనా చూశాడు.

"ఛీ, ఏంటీ కంపు? ఎలుకేమైనా చచ్చిందా?"

"ఆ మూల ట్రేదండి. ఫోటోలకి గోధుమరంగు తెప్పించే మందు సార్."

జనార్దనరావు ముక్కు మూసుకుని, తీగకి వేలాడుతున్న నెగెటివ్‌ని లాగి అగ్గిపుల్ల గీసి కాల్చేశాడు. నీళ్ళలో నానుతున్న ఫోటో మాత్రం అంటుకోలేదు. చింపబోయాడు.

"చింపితే చింపండి సార్, అతికించుకుంటాం! కుళాయి కింద ట్రేలో మాత్రం వెయ్యకండి, మీ కాళ్ళు పట్టుకుంటా!"

ఆయన చెయ్యి ఆగింది. "వేస్తే ఏమవుద్దేంటి?"

పుష్పలత నాలిక్కరుచుకుంది.

వేసేశాడు. రెండు నిమిషాల్లో పడవ పోయింది, బస్తాలు పోయాయి, ఆఖరికి బొజ్జ కూడా కరిగిపోయింది. ఎర్ర వెలుగులో ఒట్టి తెల్లకాగితం!

జనార్దనరావు పగలబడి నవ్వి దాన్ని ఆమె ఒళ్ళోకి విసిరాడు. "ఇదిగో, ఉంచుకో. మీ నాన్న రాజీనామా రాసుకోవడానికి పనికొస్తుంది!"

పుష్పలత వెక్కివెక్కి ఏడ్చింది. గేటు చప్పుడయ్యేదాకా ఏడ్చింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, కాగితాన్ని శుభ్రంగా కడిగి, మూలనున్న కంపు ట్రేలో ముంచింది.

పడవ, బస్తాలు, బొజ్జ, అన్నీ గోధుమరంగులో మళ్ళీ పైకొచ్చాయి. వందేళ్ళు చెదరని ఫోటో కావాలంటే ముందు కుళాయి కింద ట్రేలో చెరపాలి, ఆ సగం పని మేనేజరుగారే చేసిపెట్టి వెళ్ళారు.