సదస్సుకు వచ్చిన పెద్దాయన

"ఇందులో ఏటి రాసినారో కాస్త సదివి సెప్తారా, టీచరమ్మా?"

పక్కన కూర్చున్న ముసలాయన, సదస్సులో పంచిన కాగితం చాపాడు.

జ్ఞానరత్నానికి ఒళ్ళు మండింది.

అసలే ఆమె మండిపోతూ వచ్చింది. దుర్గాపూజ సెలవులకి కాకినాడలో చెల్లెలి ఇంటికి వెళ్ళాలని రెండు నెలల ముందే రిజర్వేషన్ చేయించుకుంది. ఇంతలో హెడ్మాస్టరు విల్‌ఫ్రెడ్ గారు పిలిచి, "మూడు రోజులు సదస్సు ఉంది. బోధన, నాయకత్వం, బైబిలు తరగతి. రానివాళ్ళు సంజాయిషీ రాసివ్వాలి" అన్నారు.

ప్రయాణం ఆగిపోయింది.

ఖరగ్‌పూర్ ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని పందిళ్ళ చుట్టూ తిరుగుతుంటే, న్యూ సెటిల్‌మెంట్‌లోని ఆమె పనిచేసే ఈ చర్చి బడి హాల్లో నలభై మంది టీచర్లు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. కలకత్తా నుంచి వచ్చిన సుందర్ రాజు గారు బోర్డు మీద 'మంచి కాపరి లక్షణాలు' అని రాస్తున్నారు.

"మీది ఏ బడి?" ముసలాయన్ని అడిగింది జ్ఞానరత్నం.

"బడి కాదమ్మా. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. రిటైరైపోనాను."

"ఇది టీచర్లకి పెట్టింది."

"ఆఫీసులో ఎమిలీ పాపని అడిగినాను. కూకోమన్నాది."

గుమస్తా పిల్లకి బుద్ధి లేదనుకుంది జ్ఞానరత్నం. కాగితం లాక్కుని గబగబా చదివేసింది.

"నెమ్మదిగా అమ్మా," అన్నాడాయన.

ఆమె చదివిన ప్రతి ముక్కనీ పెదాలు కదుపుతూ తనలో తాను అప్పజెప్పుకున్నాడు. ఆ గొణుగుడుకి ఆమెకి తల నొప్పెట్టింది.

రెండో రోజూ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఆ రోజు నమూనా పాఠాలు. సుందర్ రాజు గారు చీటీ చూసి పిలిచారు. "జ్ఞానరత్నం గారూ, మీరు రండి. మూడో తరగతికి బైబిలు కంఠత వాక్యం ఎలా నేర్పుతారో చూపించండి."

ఆ పేరు వినగానే ముసలాయన తలతిప్పి, ఆమెని ఎగాదిగా చూశాడు. తరవాత కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు.

పాఠం బ్రహ్మాండంగా కుదిరింది. ఇరవై రెండేళ్ళ అనుభవం మరి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు సుందర్ రాజు గారు.

లేచింది ముసలాయన ఒక్కడే.

"ఒక పిల్ల ఉన్నాదమ్మా. ఇంటికాడ వాక్యమంతా సక్కగా సెప్తాది. టీచరమ్మ ముందర నిలబడితే నోరు పెగల్దు. అలాటిదాన్ని ఏటి సెయ్యాల?"

"బెంచీ ఎక్కించాలి. అదే పెగలుతుంది."

కొందరు నవ్వారు.

"ఎక్కించినారమ్మా. పెగల్నేదు."

"అయితే ఆ పిల్లకి వాక్యం రాదన్నమాట. ఇంట్లో ముద్దు చేసి పాడు చేసేసి, మా మీద పడితే మేమేటి చేస్తాం?"

"వచ్చునమ్మా. నానిన్నాను."

జ్ఞానరత్నానికి పట్టరాని కోపం వచ్చింది. ఈ రెండు రోజుల ఉక్కా, ఆగిపోయిన ప్రయాణమూ, అందరి ముందూ ఈ ఎదురు వాదనా అన్నీ కలిసి ఆయన మీదకే వెళ్ళాయి.

"మీరు విన్నారా? అక్షరం ముక్క రాదు, తప్పో ఒప్పో మీకెలా తెలిసింది? నిన్నట్నుంచి నాచేత కాగితాలు చదివించుకుంటున్నారు. పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పుతారా? ఇది కాలక్షేపానికి వచ్చే చోటు కాదు. బయటికి వెళ్ళండి."

బయట పందిట్లో డప్పుల మోత. సుందర్ రాజు గారు అటు తిరిగి బోర్డు తుడుచుకున్నారు. 'మీరు కూర్చోండి పెద్దాయనా' అని ఒక్కరూ అనలేదు.

"ఠీక్ హై, అమ్మా," అన్నాడు ముసలాయన. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర ఆమె కంచాన్ని విసురుగా ముందుకి లాక్కుంది. "ఎవరు పడితే వాళ్ళని రానిస్తే ఇంతే," అంది విల్‌ఫ్రెడ్ గారితో.

"మీరన్నది సబబే," అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ.

మూడో రోజు ముసలాయన రాలేదు.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు రాసే పని, దస్తూరీ బాగుంటుందని జ్ఞానరత్నానికే అంటగట్టారు. ఎమిలీ ఒక్కో పేరూ చదువుతుంటే, కలం విరిగేలా నొక్కి రాస్తోంది ఆమె.

"ఆమోసు," అంది ఎమిలీ.

"అదెవరు?"

"నిన్న మీరు పొమ్మన్న పెద్దాయన."

"మధ్యలో పోయినవాళ్ళకి సర్టిఫికెట్టు ఏటి?"

"అక్కర్లేదులెండి. పొద్దున్నే వచ్చి టి.సి. తీసుకుని వెళ్ళిపోయినారు. పిల్లని బొబ్బిలి పంపేస్తారట."

"టి.సి. ఏటి? ఏ పిల్ల?"

ఎమిలీ తన ముందున్న సదస్సు పేర్ల పుస్తకాన్ని ఆమె వైపు తిప్పింది.

మొదటి రోజు ఆయన చెప్పింది చెప్పినట్టే ఎమిలీ చేతిరాతలో ఉంది అందులో: "పేరు ఆమోసు, బడి మా ఇల్లు, తరగతి మూడు, వచ్చిన కారణం - మా మనవరాలు సూసన్న జ్ఞానరత్నం టీచరమ్మంటే బయపడి బడికి రానంటున్నాది, సదువు సెప్పడం ఎలాగో నేర్సుకుని దానికి నానే సెప్పుకుందామని."