మూడో తప్పు

"తాతయ్యా, నలభై దాటింది!"

డాష్‌బోర్డు మీది ఫోన్లోంచి మనవరాలి గొంతు ఖంగుమంది. తాతయ్య సీట్లో ఎగిరిపడ్డాడు. పిల్లేమో ఊరికి ఆ చివర తన ఆఫీసులో కూర్చుని ఉంది. అయినా ఈ కారులో చీమ చిటుక్కుమన్నా ఆమెకు తెలిసిపోతుంది.

అంతా ఆ బోర్డు మహిమ. కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, కారు గుద్ది ఇంటి గేటు స్తంభం కూలిన మర్నాడే ప్రయోగాలకు వాడే చిట్టి కంప్యూటర్ లాంటి అరచేతంత డెవలప్‌మెంట్ బోర్డు ఒకటి తెచ్చి స్టీరింగ్ కింద తగిలించింది. వేగం, బ్రేకు, గేరు, ఇండికేటర్... కారు కడుపులో ఉన్నదంతా అది కక్కేస్తుంది. ఇంటర్నెట్‌లో ఆఫీసు నుంచే చదివేసుకుంటుంది మహానుభావురాలు.

పైగా ఒక షరతు. వారంలో మూడు తప్పులు దొరికితే కారు తాళం పట్టుకుపోతుంది. ఇవాళే ఆఖరి రోజు. రెండు తప్పులు అప్పుడే అయిపోయాయి. తాళం పోయిందంటే, బస్సు కూడా రాని తమ కాలనీలో ముసలాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

"నలభై రెండే కదమ్మా! ఇక్కడ రోడ్డు పల్లం," అన్నాడు తాతయ్య.

"సరే, పల్లం కాబట్టి వదిలేశా. కారులో అమ్మమ్మ కూడా ఉంది. ఆవిడ గుండె ఆగిపోదూ?"

"నా గుండెకేమే, గుండ్రాయిలా ఉంది," అంది అమ్మమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వాగవే!" పళ్ళు కొరికాడు తాతయ్య.

రెండు వీధులు బుద్ధిగానే గడిచాయి. అంతలో కారు ఒక్క దూకు దూకింది. తాతయ్య కుడికాలు తనంతట తానే కిందికి నొక్కుకుపోయింది. దుకాణాలన్నీ వెనక్కి పరిగెత్తాయి. కారు సర్రున పక్కకు ఒరిగి, నిలదొక్కుకుంది.

"అరవై ఎనిమిది! అయిపోయింది తాతయ్యా, మూడో తప్పు. సాయంత్రం వస్తున్నా, తాళం సిద్ధంగా పెట్టు."

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "చెప్పండీ... అలా గుడ్లప్పగించి చూస్తారేం!" అంది గొంతు తగ్గించి.

"వెనకాల అంబులెన్సు తల్లీ! సైరన్ వినపడ్డం లేదూ? ముందున్న లారీని దాటితే గానీ పక్కకు తప్పుకునే చోటు లేదు."

"కబుర్లు చెప్పకు."

"నన్ను నమ్మకపోతే నీ బోర్డునే అడుగు!"

అటు వైపు కీబోర్డు టకటకలాడింది.

"కుడి ఇండికేటర్... వెంటనే ఎడమది... బ్రేకు కూడా వెన్నలా పడింది." మనవరాలి గొంతు మెత్తబడింది. "మా టెస్ట్ డ్రైవర్లు కూడా ఇంత చక్కగా తప్పించరు తాతయ్యా! తప్పు కొట్టేస్తున్నా. తాళం మీ దగ్గరే ఉంచుకోండి."

"ఇందులో నా గొప్పేం లేదులేమ్మా," అన్నాడు తాతయ్య వినయంగా.

ఫోన్ కట్టేసి, చెమట తుడుచుకుని, స్టీరింగ్ తిప్పుతున్న అమ్మమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు తాతయ్య: "మహాతల్లీ, నన్నిక్కడే దింపెయ్, నేను నడిచొస్తా!"