అడుగువైపు పూత

"బిగించాక అడుగువైపుకి బ్రష్ అందదండీ. ఇప్పుడే ఆయిల్ పట్టించి రెండు రోజులు ఆరనివ్వాలి. లేకపోతే చెమ్మ తాగి నాలుగేళ్లకే పుచ్చిపోతాయి," అన్నాను, పెరటి అరుగుకి తెచ్చిన చెక్కపలకలు పేరుస్తూ.

"ఈ సాయంత్రానికే బిగించెయ్యి మేస్త్రీ," అన్నాడు ఇంటాయన కిటికీలోంచి.

నాకు ఒళ్లు మండింది. "పూత లేని చెక్క పాతికేళ్లలో ఒక్కటీ బిగించలేదు. ఇంకోణ్ణి చూసుకోండి."

కిటికీ పక్క మంచం మీద, దిండ్లకి ఆనుకున్న ఆయన భార్య, ఎముకలు తేలిన మొహంతో నవ్వింది. "నిదానంగా ఆరనివ్వండి మేస్త్రీ. వచ్చేవారం కూర్చుంటాను అరుగు మీద. ఎండ ఎక్కడికి పోతుంది?"

ఆమె వెనక నిలబడి ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఇప్పుడే చూశానమ్మా, ఇది పూత అక్కర్లేని చెక్కే," అని డ్రిల్లు అందుకున్నాను.